యూనివర్సిటీ స్టోర్స్‌కి సూపర్ మార్కెట్ లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ, రాజమహేంద్రవరం, తాడేపల్లిగూడెం, భీమవరం చుట్టుపక్కల యూనివర్సిటీలు, కాలేజీల్లో స్టోర్స్, హాస్టల్ మెస్, పరీక్షల విభాగం, అకౌంట్స్ చూసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. సరుకు వేసే వ్యాపారులు అడిగిందీ ఒకటుంది. మీ పనికి సంబంధించింది మాత్రమే చదువుకున్నా పరవాలేదు.

పాఠాలు చెప్పే చోట సూపర్ మార్కెట్ లెక్కలేమిటండీ?

పాఠాల జోలికి ఎవరూ రావడం లేదు. వాటి వెనకాల నడిచే సరుకు సంగతే ఇదంతా. ఏ యూనివర్సిటీ అయినా ఏడాది పొడవునా బియ్యం, పప్పులు, జవాబు పత్రాలు, యాసిడ్ సీసాలు, టోనర్లు, ట్యూబులైట్లు, ఫినాయిల్ కొంటూనే ఉంటుంది. సూపర్ మార్కెట్ వాడు చేసేదీ అదే. కాకపోతే ఏ కొట్లో ఏ సరుకు ఎంతుందో, రోజుకెంత పోతోందో, మళ్లీ ఎప్పుడు తెప్పించాలో అతనికి ఆ రాత్రికే తెలుస్తుంది. మనకి ఆడిట్ వాళ్లు అడిగినప్పుడు తెలుస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన సంస్థల్లో ఎక్కువ రేటు పెట్టడం వల్ల పోయేది తక్కువే. ఉన్నదే మళ్లీ కొనడం వల్ల, అందరూ మార్చిలోనే కొనడం వల్ల, కొన్నదానికి సకాలంలో డబ్బు కట్టకపోవడం వల్ల పోయేది ఎక్కువ. పర్చేజ్ కమిటీలో కూర్చుని రిమ్ కాగితం మీద రెండు రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడతాం. అదే కాగితం మరో బ్లాకు మేడమీద అటకలో పెట్టెలకొద్దీ ఉంటుంది.

ఖర్చంతా జీతాలే కదా, ఈ చిల్లర సరుకు తగ్గించి ఏం లాభం?

జీతాలే పెద్ద భాగం, అందులో వాదన లేదు. విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు 1966లోనే దీని మూలం చెప్పారు: ఫ్యాక్టరీలో యంత్రం పెడితే గంటకి రెండింతల సరుకు వస్తుంది, పాఠం మాత్రం గంట సేపు చెప్పాల్సిందే. బయట జీతాలు పెరిగితే ఇక్కడా పెరగాలి, పనివేగం పెరగదు. సరఫరా పద్ధతులతో దీన్ని మార్చలేం, మారుస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. జీతాలు పోగా మిగిలిన ఆ కొంచెంలోనే ల్యాబు, లైబ్రరీ, హాస్టలు అన్నీ నడవాలి కాబట్టి అక్కడ మిగిలే ప్రతి లక్షా కంటికి కనబడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

పోయినేడాది బిల్లులతో. సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఎక్సెల్ చాలు. ఒక్కో బిల్లుకి ఒక వరుస: తేదీ, సరుకు, పరిమాణం, రేటు, వ్యాపారి, ఏ డిపార్ట్‌మెంటు. అన్నీ ఎక్కించాక మొత్తం విలువని బట్టి పైనుంచి కిందికి పేర్చండి. మొదటి పేజీలో పడే కొద్ది రకాల సరుకులే ఖర్చులో ఎక్కువ భాగం మింగేస్తుంటాయి. వాటిని 'ఏ' తరగతి అనుకుని వారం వారం చూసుకోవాలి. కింద వందలకొద్దీ పడి ఉండే గుండుసూదులు, జిగురు సీసాల్లాంటి 'సీ' తరగతి వాటికి ఏడాదికో రేట్ కాంట్రాక్టు (ఏడాదంతా ఒకే రేటుకి ఇచ్చే ఒప్పందం) చేసేసి మరిచిపోవచ్చు. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. గుండుసూదుల ఇండెంట్‌కి (స్టోర్స్‌ని సరుకు అడిగే చీటీకి) అయిదు సంతకాలు, ఏసీల ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) మాత్రం పాత రేటు మీద ఓ పర్సెంటు పెంచి రెన్యువల్.

బిల్లులు ఎక్కిస్తున్నప్పుడే ఇంకోటి బయటపడుతుంది. ఒకే మార్కర్ పెన్ను ఆరు డిపార్ట్‌మెంట్లు ఆరు రేట్లకి కొని ఉంటాయి. దాని కోసం ఎవర్నీ నిలదీయకండి. ఆ షీటు ప్రింటు తీసి హెచ్‌ఓడీల (డిపార్ట్‌మెంటు అధిపతుల) మీటింగ్‌లో బల్ల మీద పెడితే చాలు.

అవసరానికి మించి ఇండెంట్లు పెడుతున్నారు, ఎలా ఆపాలి?

అరవై కావాల్సినవాళ్లు వంద ఎందుకు అడుగుతారు? ఎలాగూ నలభై కోస్తారని. నలభై ఎందుకు కోస్తారు? ఎలాగూ ఎక్కువే అడిగి ఉంటారని. సరఫరా గొలుసులో ఆర్డర్ల హెచ్చుతగ్గులు ఒక్కో మెట్టుకీ పెద్దవవుతాయని అమెరికా ప్రొఫెసర్ జే ఫారెస్టర్ 1961లో చూపించాడు. కొరత భయంతో దొంగ అంకెలు వేయడం దానికి ఒక ముఖ్య కారణమని 1997లో హావ్ లీ, ఆయన సహచరులు రాశారు. దీన్నే బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు.

దాళ్వాలో (రబీ వరి పంటలో) కాలువ చివర రైతు చేసేది ఇదే. మళ్లీ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియనప్పుడు వచ్చిన రోజునే చేను ముంచేస్తాడు. వంతులవారీ అని తేదీలు ప్రకటించి, ఆ తేదీకి నిజంగా నీళ్లు వదిలితే ఆ ఆత్రం తగ్గుతుంది. ఇండెంట్లకీ వంతు పెట్టండి: నెలకి రెండుసార్లు, తేదీలు ముందే చెప్పి, అడిగింది అడిగినట్టు ఇచ్చి. మూడు నాలుగు వంతులు మాట తప్పకుండా ఇస్తే అంకెలు వాటంతటవే దిగుతాయి. ఒక్కసారి తప్పితే మాత్రం మళ్లీ మొదటికి.

మార్చి నెల కొనుగోళ్ల సంగతి?

బడ్జెట్ ల్యాప్స్ అయిపోతుందనే భయం ఉన్నంతకాలం మార్చి జాతర పూర్తిగా ఆగదు. కొంత తగ్గించవచ్చు. డిసెంబరు చివరికి ఒక్కో డిపార్ట్‌మెంటు ఎంత ఖర్చుపెట్టిందో, ఎంత మిగిలిందో ఫైనాన్స్ ఆఫీసర్ ఒక పట్టిక పంపితే, మిగిలేవాళ్ల నుంచి చాలనివాళ్లకి జనవరిలోనే సర్దుబాటు చేయవచ్చు. మార్చి 28న వచ్చిన సరుకు పెట్టె విప్పకుండా స్టాక్ ఎంట్రీ పడుతుంది. అందులో పగిలినవి, తప్పు మోడల్ వచ్చినవి జూన్‌లో బయటపడతాయి. అప్పటికి బిల్లు కట్టేసి ఉంటాం.

హాస్టల్ మెస్ బిల్లు తగ్గుతుందా?

ఇది విద్యార్థులూ, వాళ్ల నాన్నగార్లూ అడిగే ప్రశ్న. తగ్గుతుంది, కానీ టెండర్లో కిలో రేటు పిండడం వల్ల కాదు.

బియ్యం తీసుకోండి. టెండర్లో కిలోకి తక్కువ రాసినవాడికి ఆర్డర్ ఇస్తాం. అతను కోతలవగానే ఆడించిన కొత్త బియ్యం వేస్తాడు. కొత్త బియ్యం ముద్దవుతుంది, ఒదుగు తక్కువ, కుర్రాళ్లు సగం కంచంలో వదిలేస్తారు. ఆరు నెలలు నిల్వున్న పాత బియ్యం కిలోకి నాలుగు రూపాయలు ఎక్కువైనా, నీళ్లు ఎక్కువ పీల్చుకుని పొడిపొడిగా ఎక్కువ అన్నం అవుతుంది. చూసుకోవడం కష్టం కాదు. వచ్చిన శాంపిళ్లు ఒక్కోటి కిలో చొప్పున తూచి, మెస్ వంటవాడి చేతే వేర్వేరు గిన్నెల్లో వండించి, అన్నం మళ్లీ తూకం వేయించండి. బియ్యం రేటుని అన్నం కిలోలతో భాగిస్తే వచ్చేది అసలు ధర. దాని మీద పోల్చండి. ఈ పరీక్ష టెండర్ షరతుల్లోనే రాసి పెడితే తర్వాత తగువుండదు.

బస్తా కూడా చూసుకోవాలి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. అందుకే మిల్లులు 26 కిలోల బస్తాకి మారాయి. ఒకరు 25 కిలోల బస్తాకీ ఇంకొకరు 26 కిలోల బస్తాకీ కోట్ చేస్తే బస్తా రేట్లు పోల్చడం అర్థంలేని పని.

ఇక ఎప్పుడు ఆర్డర్ పెట్టాలి అన్నదానికి సూత్రం చాలా చిన్నది. రోజుకి 8 బస్తాలు వాడే మెస్ అనుకుందాం. చెప్పాక సరుకు రావడానికి 3 రోజులు, ఏదైనా ఆలస్యానికి మరో 2 రోజులు. 8 ఇంటూ 5, నలభై. గోడ మీద నలభయ్యో బస్తా ఎత్తున ఎర్ర పెయింటుతో గీత గీయండి. బస్తాలు గీతకి దిగగానే ఫోన్ చేయాలి. ఏ వార్డెన్ మారినా గీత మారదు.

ఉల్లిపాయలకి దీని ఎదురు లెక్క. తాడేపల్లిగూడెం మార్కెట్ పక్కనే ఉంది, చవగ్గా దొరికిందని నెలకి సరిపడా దింపితే మన ఉక్కకి మూడో వారంలో మొలకలు, కుళ్లు. వారానికి సరిపడానే కొనండి. కూరగాయలకి ఏడాది పొడవునా ఒకే రేటు అని కాంట్రాక్టు రాసుకోవడమూ తెలివి కాదు. వరదకి లంకల్లో తోటలు మునిగితే వ్యాపారి చేతులెత్తేస్తాడు, లేదా పుచ్చులు పంపుతాడు. ఆ రోజు రైతుబజారు బోర్డు మీదున్న ధరకి ఇంత శాతం అటో ఇటో అని రాసుకుంటే ఇద్దరికీ న్యాయం.

అన్నిటికంటే ఎక్కువ వృథా అయ్యేది తలల లెక్క తెలియక. మన కుర్రాళ్ల ఊళ్లు గంట, రెండు గంటల దూరం. శుక్రవారం సాయంత్రం బస్సెక్కేస్తారు. సంక్రాంతికి ముందు మూడు రోజులు హాస్టల్లో ఎవరుంటారో దేవుడికే ఎరుక, కోడిపందేలు అయ్యాక కూడా రెండు రోజులు తిరిగిరారు. ముందురోజు రాత్రి భోజనం దగ్గరే 'రేపు ఉంటారా' అని వాట్సాప్‌లో టిక్కు పెట్టించండి. టిక్కు పెట్టనివాళ్లకి బిల్లు వేయకపోతే అందరూ గుర్తుపెట్టుకుని మరీ నిజం చెబుతారు.

వరదొస్తే తక్కువ నిల్వ పద్ధతి దెబ్బతినదా?

దెబ్బతింటుంది. 'అవసరమైనప్పుడే సరుకు' అన్నది గోదావరి జిల్లాల్లో జూలై నుంచి సెప్టెంబరు వరకు గుడ్డిగా పాటించకూడదు. మనకున్న అదృష్టం ఏమిటంటే గోదావరి చెప్పి వస్తుంది. భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. ధవళేశ్వరం దగ్గర 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. ఈ అంకెలనే స్టోర్స్ నిబంధనగా రాసుకోండి: భద్రాచలంలో 43 దాటితే పప్పులు, నూనె, బంగాళాదుంపలు పది రోజులకి సరిపడా. 48 దాటితే గ్యాస్ సిలిండర్లు, జనరేటర్ డీజిల్, తాగునీటి క్యాన్లు, క్లోరిన్. 2022 జూలైలో అక్కడ నీటిమట్టం 71 అడుగులు దాటింది. అలాంటప్పుడు ఎవరి సంతకం కావాలో వెతుక్కునే టైముండదు కాబట్టి ఆ అధికారం వార్డెన్‌కి ముందే కాగితం మీద ఇచ్చెయ్యాలి.

పరీక్షల విభాగానికి ఇవన్నీ పనికొస్తాయా?

అన్నిటికంటే ఎక్కువ అక్కడే. చాలా కాలేజీలకి అనుబంధం ఇచ్చే యూనివర్సిటీకి జవాబు పత్రాల పంపిణీ అచ్చం గొలుసు దుకాణాల వ్యవహారమే. ఒక గోడౌన్, పదులకొద్దీ కేంద్రాలు, తేదీ మారడానికి వీల్లేదు.

ఒక కేంద్రంలో 500 మంది, 6 పేపర్లు అనుకుందాం. అందరూ వస్తే 3,000 పత్రాలు. మామూలుగా పది శాతం కలిపి 3,300 పంపుతారు. పోయిన సెమిస్టర్ గైర్హాజరు 8 శాతం అని రికార్డు చెబుతుంటే నిజంగా కావలసింది 2,760. చిరిగినవి, తప్పు రాసినవి అని 3 శాతం కలిపినా 2,843. ఒక్క కేంద్రంలోనే 457 పత్రాలు ఊరికే వెళ్లి వస్తున్నాయన్నమాట. మొదటిసారి భయంగా ఉంటే సగమే తగ్గించి చూడండి, నాలుగైదు కేంద్రాలకి కలిపి ఒకచోట అత్యవసర నిల్వ ఉంచండి. అమలాపురంలో మిగిలినవి రాజోలుకి అక్కణ్నుంచే వెళ్లాలి. హెడ్డాఫీసుకి వచ్చి మళ్లీ వెళ్లనక్కర్లేదు. వరుస నంబర్లు ఎవరినుంచి ఎవరికి మారాయో రాసి, ఇద్దరు సూపరింటెండెంట్లు సంతకాలు పెడితే గోప్యతకి భంగం లేదు.

అట్ట మీద పరీక్ష నెల, సంవత్సరం అచ్చు వేయడం మానండి. ఆ ఒక్క వరుస వల్ల మిగిలిన పత్రాలన్నీ చిత్తుకాగితాలవుతున్నాయి. ఇటలీ బట్టల కంపెనీ బెనెటన్ స్వెటర్లని రంగు వేయకుండా అల్లించి పెట్టుకుని, ఏ రంగు అమ్ముడవుతోందో చూసి అప్పుడు రంగు వేయించేది. మనకి రబ్బరు స్టాంపు చాలు.

కట్టలు నేల మీద, గోడకి ఆనించి పెట్టకండి. వర్షాకాలంలో చెమ్మ ఎక్కిన కాగితం మీద సిరా పాకుతుంది. చెక్కబల్లలు వేసి, గోడకి జానెడు ఎడం వదలండి.

ల్యాబ్ కెమికల్స్?

కెమిస్ట్రీ అటెండర్‌ని బీరువా తెరవమనండి. ఒకే అసిటోన్ మూడు సీసాలు, మూడూ సగం సగం, ఒకదాని లేబుల్ ఊడిపోయి ఉంటుంది. పక్క బయోటెక్నాలజీ వాళ్లు అదే అసిటోన్‌కి ఇండెంట్ రాస్తుంటారు. ముందు గడువు తీరేది ముందు వాడాలన్న నియమం సూపర్ మార్కెట్‌లో పాల ప్యాకెట్‌కి ఎంత ముఖ్యమో ఇక్కడ అంతకంటే ముఖ్యం, ఎందుకంటే ఇది డబ్బు సంగతి ఒక్కటే కాదు. డైఇథైల్ ఈథర్ లాంటివి తెరిచి చాలాకాలం ఉంచితే పేలే స్వభావమున్న పెరాక్సైడ్లు తయారవుతాయి. ప్రతి సీసా మీద తెరిచిన తేదీ రాయాలి.

లీటరు రేటు తక్కువని పెద్ద సీసా కొనకండి. సగం పారబోయాలంటే దానికి ప్రమాదకర వ్యర్థాల ఖర్చు వేరే.

బార్‌కోడ్, ఆర్‌ఎఫ్‌ఐడీ కొనమని కంపెనీలు తిరుగుతున్నాయి. కొనాలా?

ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో సంకేతంతో చదివే చీటీ) వద్దు. బార్‌కోడ్ మంచిదే, ఇప్పుడేమీ కొత్తది కాదు. ఒహాయోలో ఒక సూపర్ మార్కెట్ కౌంటర్లో చూయింగ్ గమ్ ప్యాకెట్‌ని తొలిసారి స్కాన్ చేసింది 1974 జూన్ 26న. ఒక లేబుల్ ప్రింటరు, స్టోర్స్‌లో ఒక మామూలు ఫోను చాలు. కాకపోతే ముందు పేర్లు సరిచేసుకోవాలి. స్టాక్ రిజిస్టర్లో 'ఏ4 పేపర్', 'జిరాక్స్ పేపర్', 'తెల్లకాగితం 75 జీఎస్ఎమ్' అని ఒకే సరుకుకి మూడు పేర్లుంటే మిషను మూడు సరుకులుగానే లెక్కేస్తుంది. అన్ని పేర్లూ ఒకటి చేసే పని విసుగు. పాత స్టోర్‌కీపర్ రిటైరయ్యేలోపు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే చేయండి, ఆయన తప్ప ఇంకెవరూ చేయలేరు.

ఎల్-1 నిబంధన ఉంటే ఇవన్నీ ఎలా కుదురుతాయి?

ఎల్-1 అంటే మీరు అడిగినదాన్ని తక్కువకి ఇచ్చేవాడు. ఏం అడగాలో నిర్ణయించేది మీరే. ప్రింటర్ ధర ఒక్కటే అడిగితే చవక ప్రింటరు, ప్రాణం తీసే టోనరు వస్తాయి. 'మూడేళ్లలో అచ్చు వేసే పేజీల మొత్తం ఖర్చు' అని అడిగితే ఎల్-1 వేరేవాడవుతాడు. క్యాంపస్ మొత్తానికి ప్రింటర్ మోడళ్లు రెండుకి దించితే టోనర్ల గొడవ సగం తీరుతుంది. సూపర్ మార్కెట్ వాళ్లు కూడా అమ్ముడుపోని రకాల్ని ఇలాగే అలమర్లోంచి తీసేస్తారు.

పరిమితులు తప్పించుకోవడానికి ఒకే కొనుగోలుని ముక్కలు చేయకూడదని కేంద్ర ఆర్థిక నిబంధనలు 2017 స్పష్టంగా చెబుతాయి. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ లాంటి కేంద్ర సంస్థలకి 2016లో మొదలైన జెమ్ పోర్టల్ (ప్రభుత్వ సంస్థలు ఆన్‌లైన్‌లో కొనే చోటు) ఉంది. రాష్ట్ర యూనివర్సిటీలకి రాష్ట్ర నిబంధనలు, తమ పాలకమండలి తీర్మానాలు. రెండు చోట్లా రేట్ కాంట్రాక్టుకి దారి ఉంది, మీ ఫైనాన్స్ ఆఫీసర్‌ని అడిగి మొదలుపెట్టండి.

మేం వ్యాపారులం. బిల్లులు ఆర్నెల్లకి గాని రావు. తక్కువకి ఎలా ఇవ్వమంటారండీ?

ఇవ్వలేరు, ఇవ్వరు కూడా. ఏడాదికి 12 శాతం వడ్డీకి తెచ్చిన డబ్బు ఆర్నెల్లు ఇరుక్కుంటే 6 శాతం అక్కడే పోయింది. అది మీరు కొటేషన్లో ముందే కలిపేస్తారు. పైగా నిక్కచ్చిగా వ్యాపారం చేసుకునేవాళ్లు అసలు టెండరే వేయరు. సూపర్ మార్కెట్లలో డీమార్ట్‌కి సరఫరాదారులకి త్వరగా కట్టి రేటు తగ్గించుకుంటుందని పేరు. యూనివర్సిటీ చేతిలో ఉన్న అతి చవకైన మందు ఇదే.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనప్పుడు నిజంగానే డబ్బుండదు, అది వేరే సంగతి. డబ్బున్నా బిల్లు ఆగేది ఎక్కడో చూడండి. సరుకు వచ్చింది, అటెండర్ తీసుకున్నాడు, స్టాక్ ఎంట్రీ నంబరు బిల్లు వెనక వేయలేదు. వేసేసరికి హెచ్‌ఓడీ మూల్యాంకనానికి వెళ్లారు. ఆయన వచ్చేసరికి ప్రీ-ఆడిట్‌లో (డబ్బు కట్టే ముందు చేసే తనిఖీలో) పర్చేజ్ ఆర్డర్ కాపీ జతపరచలేదని కొర్రీ. ఆర్డరు, సరుకు రసీదు, బిల్లు మూడూ సరుకు దిగిన రోజునే ఒకే కవర్లో పెడితే ఇందులో సగం ఉండదు.

చట్టం సంగతి: సూక్ష్మ, చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. రైస్ మిల్లు, ప్రింటింగ్ ప్రెస్ ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉంటే దీన్ని అడగొచ్చు. కొని అమ్మే టోకు, చిల్లర వర్తకులకి 2021లో ఉద్యమ్‌లో చోటిచ్చినా, అది బ్యాంకు రుణాల ప్రాధాన్యం వరకే. ఈ వడ్డీ రక్షణ వాళ్లకి రాదు.

జర్నళ్లకి కట్టే చందాలు?

ముందు రెండుసార్లు కడుతున్నారేమో చూసుకోండి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకి 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కి పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు. రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలూ అందులో ఉన్నాయి. ఆ జాబితాని లైబ్రేరియన్ మీ చందాలతో పక్కపక్కన పెట్టి చూడాలి.

నాలుగైదు కాలేజీలు కలిసి కొనవచ్చా?

కొనవచ్చు. అమెరికాలో విద్యాసంస్థల ఉమ్మడి కొనుగోళ్ల సహకార సంఘం 1934 నుంచి నడుస్తోంది. పైన చెప్పిన జర్నళ్ల పథకమూ ఆ కోవదే. గాజుసామాను, కాగితం, యూపీఎస్ బ్యాటరీలు, అగ్నిమాపక సిలిండర్ల రీఫిల్లింగ్‌తో మొదలెట్టండి. బియ్యంతో మొదలుపెట్టకండి. ఏ బియ్యం బాగుంటుందన్న వాదన తేలేలోపు సెమిస్టర్ అయిపోతుంది.

సూపర్ మార్కెట్ నుంచి తెచ్చుకోకూడనివి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. కదలని సరుకుని తీసెయ్యడం వాళ్ల నీతి. లైబ్రరీలో ఆ నీతి పనికిరాదు. పదేళ్లుగా ఎవరూ తీయని పుస్తకం కోసమే ఒక పరిశోధకుడు రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం దాకా వస్తాడు. విద్యార్థులు తక్కువున్నారని సంస్కృతమో, భూగర్భశాస్త్రమో మూసెయ్యడానికి ఈ లెక్కలు సాక్ష్యంగా వాడితే అది లెక్కల తప్పు కాదు, వాడినవాళ్ల తప్పు. సరఫరాదారుడి మెడ మీద కూర్చుని రేటు పిండే అలవాటు కూడా పెద్ద గొలుసు దుకాణాల్లో ఉంది. పది బస్తాల వ్యాపారి మీద అది చేస్తే మరుసటేడు టెండర్ వేసేవాడుండడు.

స్టోర్స్ సిబ్బందిని తగ్గిస్తారా?

ఉన్న ఖాళీలే నింపడం లేదు. ఇక తగ్గించడానికి ఎవరున్నారని?

ఏ నెలలో మొదలుపెడితే మంచిది?

మేలో. హాస్టళ్లు ఖాళీ, పరీక్షలు చివరికొస్తాయి, స్టోర్స్ తలుపులన్నీ తెరిచి లెక్కపెట్టడానికి మనుషులు దొరుకుతారు. దాళ్వా కోతలయ్యాయి కాబట్టి మిల్లుల వాళ్లూ రేటు మాట్లాడతారు. ఒక్కో గదికి ఇద్దరిని వెయ్యండి, ఆ గది తాళం మామూలుగా ఎవరి దగ్గర ఉంటుందో ఆ మనిషి కాకుండా. లెక్క పూర్తయ్యేవరకు కొత్త ఇండెంట్లు ఆపండి. జూన్‌లో అడ్మిషన్ల హడావుడి, జూలైలో వరద నీళ్లు మొదలయ్యేలోపు షీటు రిజిస్ట్రార్ బల్ల మీద ఉండాలి.